పిల్లి కదలకుండా ఉంటే భయం పోయినట్టు కాదు

"ఎంత మొండి పిల్లినైనా ఐదు నిమిషాల్లో క్యారియర్‌లో పెట్టే ఏడు చిట్కాలు" అన్న మెసేజ్ ఈ వారం మళ్లీ వచ్చింది. క్యారియర్ అంటే పిల్లిని ఆస్పత్రికి తీసుకెళ్లే పెట్టె. పంపినవాళ్లంతా పిల్లుల్ని ప్రాణంగా చూసుకునేవాళ్లే. అందుకే ఊరుకోబుద్ధి కావడం లేదు. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ విసుగొచ్చింది, అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నాను.

ఆరో చిట్కాతో ముందే పని ముగించేస్తాను. నల్లరంగు క్యారియర్ అయితే పిల్లి భయపడదట. రంగుతో పనేమీ లేదు. పైకప్పు ఊడొస్తుందా లేదా అన్నది చూసుకుని కొనండి. అలాంటిదైతే ఆస్పత్రిలో పిల్లిని బయటికి లాగక్కర్లేదు, కింది సగంలో కూర్చోబెట్టే డాక్టర్ చూడొచ్చు.

ఇక మొదటిది. బయల్దేరే క్షణం దాకా క్యారియర్ పిల్లి కంటపడకూడదు అంటుంది మెసేజ్. అసలు గొడవంతా మొదలయ్యేది ఇక్కడే. ఏడాదికోసారి అటక మీంచి దిగే పెట్టె, దిగిన ప్రతిసారీ సూది పొడిపిస్తే, దాని చప్పుడు వినగానే పిల్లి మంచం కింద దూరుతుంది. అది మొండితనం కాదు, జ్ఞాపకం. కాబట్టి పెట్టె ఎప్పుడూ కళ్లెదుటే ఉండాలి. పైకప్పు తీసేసి, కింది సగాన్ని పిల్లి రోజూ తిరిగే గదిలో వదిలేయండి. అది పడుకునే తువ్వాలునే, ఉతక్కుండా, అందులో పరవండి. తిండి మొదట పక్కన, కొన్నాళ్లకు అంచు దగ్గర, ఆ తర్వాత లోపల. వెనక కాళ్లు బయటే ఉంచి, ఒళ్లంతా సాగదీసి, రెండు ముద్దలు అందుకుని గబుక్కున వెనక్కి వచ్చేస్తుంది చూడండి, ఆ రోజుకి అంతే చాలు. వెనక నుంచి నెట్టకండి. తనంతట తాను వెళ్లి పడుకోవడం మొదలుపెట్టాక పైకప్పు, ఆ తర్వాత తలుపు, క్షణంసేపు మూసి తీయడం, ఎత్తి దించడం. భయపడిందంటే ఒక మెట్టు వెనక్కి.

ఇదేదో నా సొంత కవిత్వం కాదు. వియన్నా పశువైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు 22 పిల్లుల మీద చేసి చూసి 2018లో ప్రచురించారు. సగం పిల్లులకు ఆరు వారాల్లో 28 సార్లు క్యారియర్ అలవాటు చేశారు. మిగతావాటితో పోలిస్తే అవి కారులో తక్కువ బెదిరాయి, డాక్టర్ పరీక్ష కూడా తొందరగా అయిపోయింది. ఐదు నిమిషాల్లో ఇది జరగదు. జరుగుతుందని చెప్పేవాళ్లు పిల్లి గురించి కాదు, తమ తొందర గురించి మాట్లాడుతున్నారు.

రెండోది, మెడ వెనక చర్మం పట్టి ఎత్తడం. "తల్లిపిల్లి చేసేదీ అదే కదా" అంటారు. తల్లి అలా మోసేది పుట్టిన కొన్ని వారాల దాకా, చిన్న కూనల్ని. నాలుగు కిలోల పిల్లిని ఏ తల్లీ నోట కరుచుకుని తిరగదు. పెద్దయ్యాక ఇంకో జంతువు దాని మెడ దొరకబుచ్చుకుందంటే అది పోట్లాటైనా కావాలి, వేటైనా కావాలి, జతకట్టడమైనా కావాలి. అప్పుడు బిగుసుకుపోతుంది. మెసేజ్ రాసినవాళ్లకు అది శాంతించినట్టు కనిపించింది. దాని మొహంలోకి ఒక్కసారి చూశారా? నల్లగుడ్లు కంటినిండా విచ్చుకుని ఉంటాయి, చెవులు పక్కలకు వాలిపోతాయి, తోక పొట్ట కిందికి ముడుచుకుంటుంది, పక్కటెముకలు వేగంగా ఎగసిపడుతుంటాయి. పిల్లుల వైద్యుల అమెరికన్, అంతర్జాతీయ సంఘాలు కలిసి 2022లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ పట్టు వద్దనే అంటున్నాయి.

మూడోది, లావెండర్ నూనె చుక్కలు. వేయొద్దు. అలాంటి నూనెల్ని పిల్లి కాలేయం సరిగ్గా వదిలించుకోలేదు. పాదాలకు అంటిందంటే నాకి మింగుతుంది కూడా.

కాలేయం మాట వచ్చింది కాబట్టి నాలుగో చిట్కా. "సగం జలుబు మాత్ర పొడిచేసి తిండిలో కలపండి, మత్తుగా పడుకుంటుంది." మిగతావన్నీ ఓపిగ్గా చెప్పగలను, దీని దగ్గర నావల్ల కాదు. చాలా జలుబు మాత్రల్లో నిద్ర తెప్పించే మందుతో పాటు పారాసిటమాల్ ఉంటుంది. మన ఒంట్లో కాలేయం దాన్ని గ్లూకురోనిక్ ఆమ్లం అనే పదార్థంతో కలిపి బయటికి పంపేస్తుంది. ఆ పని చేసే ఎంజైము పిల్లికి లేనట్టే లెక్క. బయటికి పోని మందు విషంగా మారి ఎర్ర రక్తకణాల్ని పట్టుకుంటుంది, రక్తం ఆక్సిజన్ మోయలేకపోతుంది. గంటల్లోనే గులాబీ రంగు చిగుళ్లు మట్టిరంగుకు తిరుగుతాయి. మొహం, పాదాలు వాస్తాయి. ఊపిరి కోసం కొట్టుకుంటుంది. మాత్రలో ముక్క చాలు, ప్రాణం తీయడానికి. అవును, మత్తుగానే పడుకుంటుంది. చిట్కా పనిచేసిందనుకుని మీరు దాన్ని పెట్టెలో పెట్టి బయల్దేరతారు.

"మేమిచ్చాం, ఏమీ కాలేదు" అని ఇద్దరు ముగ్గురు రాశారు. మీరిచ్చిన మాత్రలో పారాసిటమాల్ లేదేమో. ఏ మాత్రో మెసేజ్‌లో లేదే! చదివినవాళ్లు తమ ఇంట్లో ఉన్నది ఇస్తారు. ఎవరైనా ఇప్పటికే ఇచ్చి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకండి. మాత్రల అట్ట వెంట తీసుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తండి. ఎసిటైల్‌సిస్టీన్ అనే విరుగుడు ఉంది, ఎంత త్వరగా పడితే అంత మేలు. ఈ మెసేజ్ ముందుకు పంపినవాళ్లు అదే గ్రూపుల్లో "నాలుగోది ప్రాణాంతకం" అని ఒక్క ముక్క రాయండి. నాకు క్షమాపణలేమీ అక్కర్లేదు, అది రాస్తే చాలు.

నిజంగా మందు అవసరమైన పిల్లులు ఉన్నాయి, కాదనను. వాటికి బరువు చూసి డాక్టర్ గాబాపెంటిన్ అనే భయం తగ్గించే మందు రాస్తారు, బయల్దేరడానికి రెండు మూడు గంటల ముందు వేస్తారు. ప్రయాణం, ఆస్పత్రి భయం కోసమే పిల్లులకు ప్రెగాబాలిన్ అనే మందు ద్రావణాన్ని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2023లో అనుమతించింది కూడా. అడగాల్సింది డాక్టర్‌ని.

ఐదోది, రోజంతా పస్తు. ప్రయాణానికి ముందు కొన్ని గంటలు పెట్టకపోతే కారులో వాంతులు తగ్గుతాయి, అంతవరకు నిజం. రోజంతా మాడ్చడం దేనికి? కూనలు, షుగర్ ఉన్న పిల్లులు తట్టుకోలేవు. లావు పిల్లి అయితే కొన్ని రోజులు తిండి మానేసినా కాలేయంలో కొవ్వు పేరుకుని మంచాన పడుతుంది.

ఏడోది మాత్రం సరైనదే. క్యారియర్‌ని తలుపు పైకి ఉండేలా నిలబెట్టి, వెనక కాళ్లు ముందుగా పిల్లిని దించమంటుంది. ఇల్లు పొగతో నిండినప్పుడు, మగపిల్లికి మూత్రం బిగుసుకుపోయినప్పుడు, వారాల తరబడి అలవాటు చేసే వ్యవధి ఎవరికుంటుంది? తువ్వాలులో చుట్టి ఇలా దించితే ఎదురుగా చీకటి కన్నం కనబడదు, తలుపు అంచులకు కాళ్లు తన్నిపెట్టదు. తలుపు వేశాక పెట్టెను మెల్లగా పడుకోబెట్టి, పైన గుడ్డ కప్పండి. పిడి పట్టుకుని ఊపుతూ నడవకుండా, అడుగున చెయ్యి వేసి గుండెకు ఆనించుకుని మోయండి. కారులో ముందు సీటు వెనక, కింద పెట్టండి. ఇలా వెళ్లొచ్చాక పెట్టెను అటకెక్కించొద్దు. ఆ ఒక్కసారితో పిల్లికి దాని మీద నమ్మకం చాలావరకు పోయి ఉంటుంది, పైకప్పు తీసి మళ్లీ మొదటి నుంచి అలవాటు చేయాల్సిందే.