నాగోలులో నిశ్శబ్ద కాల్పులు

హైదరాబాద్ నాగోలులో మా బావగారి ఫ్లాటులో రోజూ పొద్దున ఆరుంబావుకి కాల్పులు మొదలవుతాయి. ఇంతవరకు ఎవరూ గాయపడలేదు. పక్కవాళ్ల కుక్కర్ విజిళ్ల మధ్య 'టిక్' అని ఒక చప్పుడు వస్తుంది, అంతే. ఆ టిక్కుతో పాటు హాలు గోడకి అతికించిన కాగితం మీద కందిగింజంత ఎర్ర చుక్క మెరిసి, రెప్ప వేసేలోపు మాయమవుతుంది. మెరవాల్సింది కాగితం మీద. చాలా రోజులు అది పక్కనున్న వెంకటేశ్వరస్వామి క్యాలెండర్ మీదే మెరిసింది. కిందటి నెలలో రెండు ఏకాదశులు, ఒక గ్యాస్ బుకింగ్ తేదీ నేలకొరిగాయి.

ఇది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు. నగర భద్రతకి సంబంధించింది. అందుకే మొదటి నుంచీ చెబుతాను.

బావగారు వెంచర్లు వేస్తారు. వెంచర్లు వేసే మనిషికి మెడలో గొలుసు, తెల్ల కారు, నడుముకి పిస్తోలు ఉండాలని ఏ చట్టంలో ఉందో తెలియదుగానీ, మొదటి రెండూ అమరాక ఆయన మనసు మూడోదాని మీదకి పోయింది. 1959 నాటి ఆయుధాల చట్టం కింద లైసెన్సు అడిగితే, ప్రాణానికి ముప్పేమిటో చూపించమంటారు. అక్కడ చిక్కొచ్చింది. ఆయన మీద ఎవరికీ అంత పట్టింపు లేదు. అప్పులిచ్చినవాళ్లు ఉన్నారు, కానీ ఆయన నూరేళ్లు బతకాలని మొక్కుకునేది వాళ్లే. "కావాలంటే నేను రాసిస్తా" అంది అక్క. చివరికి ఎలాగో ఒక శత్రువు దొరికాడు. కాగితాల మీద అతనే బావగారి ప్రాణాలకి ముప్పు. ప్రతి దసరాకి జమ్మి పట్టుకొచ్చి అలాయ్ బలాయ్ తీసుకుని, మటన్ తిని పోతాడు.

2016 నిబంధనల ప్రకారం ఆయుధాన్ని జాగ్రత్తగా వాడటంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్ కూడా కావాలి. అదీ వచ్చింది. మన దగ్గర డ్రైవింగ్ లైసెన్సుకీ డ్రైవింగుకీ ఎంత చుట్టరికమో, బావగారి సర్టిఫికెట్‌కీ గురికీ అంతే. పాయింట్ ముప్పై రెండు సైజు పిస్తోలు ఇంటికొచ్చింది, పూజ జరిగింది, కుంకుమ పెట్టారు, బీరువాలో చేరింది. కాల్చడం రాదన్న సంగతి ఆ తర్వాత గుర్తొచ్చింది.

దీనికి ఇంట్లోనే చేసుకునే సాధన ఒకటుంది. డ్రై ఫైర్ అంటారు. గుండు లేని తుపాకీతో గురిపెట్టి, చెయ్యి కదలకుండా ట్రిగ్గర్ నొక్కడం. ఇప్పుడు దీనికి లేజర్ తోడైంది. తూటా ఆకారంలోనే చిన్న గొట్టం, లోపల వాచీల్లో వేసే బటన్ బ్యాటరీలు, వెనక రబ్బరు బొడిపె. ట్రిగ్గర్ నొక్కితే తూటాని కొట్టే ఫైరింగ్ పిన్ ఆ బొడిపెను కొట్టగానే గొట్టంలోంచి ఎర్ర కిరణం క్షణంలో పదోవంతు సేపు వెలుగుతుంది. స్టాండు మీద పెట్టిన ఫోను ఆ చుక్కని కెమెరాతో పట్టి, ఎక్కడ తగిలిందో యాప్‌లో చూపిస్తుంది. బంగారం లాంటి ఆలోచన. కాకపోతే బజార్లో విరివిగా దొరికేది 9 ఎంఎం సైజు. మన దేశంలో మామూలు పౌరుడికి 9 ఎంఎం నిషిద్ధ బోరు (తుపాకీ గొట్టం సైజు). పరికరం దొరికే తుపాకీ కొనకూడదు, కొన్న తుపాకీకి పరికరం దొరకలేదు. బావగారు మూడు వారాలు వెతికి విసిగిపోయి, గుండు పట్టని, లేజర్ మాత్రమే వచ్చే డమ్మీ పిస్తోలు ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించారు. బరువు, పట్టు అచ్చం అసలుదే. పెట్టె మీద మాత్రం బొమ్మ అని రాసుంది. వాచ్‌మన్ నమ్మలేదు. ఆ రోజు నుంచి లిఫ్టు తలుపు తనే తీస్తున్నాడు.

అంతలో ఎన్నికల కోడ్ కూసింది. కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో అప్పజెప్పాలి. ప్రాణానికి ముప్పుందని ఇచ్చిన తుపాకీని, ఊళ్లో కొట్లాటలు పెరిగే రోజులు చూసి వెనక్కి తీసుకుంటారన్నమాట. ఇందులో తప్పు పట్టడానికేం లేదు, ఎవరి ముప్పు ఎవరి నుంచో పోలీసులకి తెలుసు. అలా అసలుది స్టేషన్‌కి వెళ్లింది, డమ్మీ హాలుకి వచ్చింది.

హాలు పొడవు 14 అడుగులు. పోటీల్లో ఎయిర్ పిస్టల్ దూరం 10 మీటర్లు, అంటే 33 అడుగులు. మా అక్కావాళ్ల టూ బీహెచ్‌కేలో అంత దూరం కావాలంటే బాల్కనీ కొసన నిలబడి, హాలూ డైనింగూ దాటించి దేవుడి గదిలోకి కాల్చాలి. కాబట్టి లక్ష్యాన్నే చిన్నదిగా ప్రింటు తీశారు. అసలు పోటీలో పది పాయింట్ల వలయం అడ్డం 11.5 మిల్లీమీటర్లు. 14 అడుగులకి లెక్కేస్తే 5 మిల్లీమీటర్లు కూడా నిండదు. మొదటి రోజు పది నొక్కులకి ఏడు కాగితాన్నే తాకలేదు. యాప్ ఏడుసార్లూ 'మిస్' అని ఆడ గొంతుతో చెప్పింది. అక్క వంటింట్లోంచి "నన్నా?" అంది.

గచ్చిబౌలి రేంజిలో పిల్లలకి నేర్పే ఒక కోచ్‌ని అడిగాం. ఆయన వీడియో చూసి రెండు ముక్కలు చెప్పారు. "పేలని తుపాకీకి కూడా మీరు ముందే భుజం బిగిస్తున్నారు. పైగా నొక్కీ నొక్కకముందే చుక్క ఎక్కడ పడిందా అని తల ఎత్తి చూస్తున్నారు. చూపు పిస్తోలు కొసనున్న గురి ముక్క మీద ఉండాలి సార్, గోడ మీద కాదు. కొన్నాళ్లు ఆ లేజర్ మానేసి ఖాళీ తెల్ల గోడకి గురిపెట్టండి." డబ్బులు పోసి కొన్న చుక్కని మానెయ్యమనేసరికి బావగారు చిన్నబుచ్చుకున్నారు. కోచ్ చెప్పిన ఇంకో చిట్కా: పిస్తోలు మీద రూపాయి బిళ్ళ నిలబెట్టి, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. ఆ వారంలో సోఫా కింద పదకొండు రూపాయలు దొరికాయి.

ఇదే ఊరి నుంచి గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చాడు. ఇదే ఊరి ఈషా సింగ్ 2018లో, 13 ఏళ్లకే, ఎయిర్ పిస్టల్‌లో సీనియర్ జాతీయ చాంపియన్. ఆ ఆటలో 60 షాట్లకి గంటంబావు టైము. ఆ గంటంబావు కోసం వాళ్లు ఖాళీ గోడల ముందు ఎన్ని గంటలు చెయ్యి చాచి నిలబడి ఉంటారో! ఈ మాట అంటే బావగారి దగ్గర జవాబు సిద్ధం: "లండన్‌లోనే మోడర్న్ పెంటాథ్లాన్‌కి లేజర్ పిస్తోళ్లు పెట్టిండ్రు, తెలుసా నీకు?" నిజమే, పెట్టారు. ఆ ఆటలో అప్పట్లో ఈతా, కత్తిసామూ, గుర్రమూ, పరుగూ కూడా ఉండేవని నేను అనలేదు. బావ కదా.

ఇక బల్లి సంగతి. ట్యూబ్‌లైట్ పట్టీ వెనక ఒకటి కాపురముంటోంది. రెండో వారానికి దానికి విషయం అర్థమైంది. ఆరుంబావు కాగానే బయటికొచ్చి కాగితం అంచున కూర్చుంటుంది. చుక్క మెరవగానే ఒక్క దూకు. ఒకరోజు సరిగ్గా పది వలయం మీదే బైఠాయించింది. బావగారు కాల్చలేదు. జీవహింస అవుతుందని కాదు, బల్లి శాస్త్రం చూడాలని పంచాంగం తెప్పించారు. అందులో బల్లి మనిషి మీద పడితే ఫలితాలున్నాయి. మనిషే బల్లి మీద కిరణం వేస్తే ఏమవుతుందో లేదు.

ఈ పరిజ్ఞానాన్ని ఒక్క ఫ్లాటుకే పరిమితం చెయ్యడం అన్యాయం. పెళ్లి బరాత్‌లలో గాల్లోకి కాల్చే మహానుభావులకి 2019 సవరణ రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో రాసిపెట్టింది. వాళ్లకి తలా ఒక డమ్మీ ఇస్తే ఫంక్షన్ హాలు సీలింగు మీద చుక్కలు మెరుస్తాయి, చప్పుడుకి తీన్‌మార్ డప్పు ఉండనే ఉంది. అలాగే టూ ప్లస్ టూ గన్‌మన్‌ల కోసం తిరిగే చోటా నాయకులకి ఇద్దరు లేజర్‌మన్‌లని కేటాయించవచ్చు. ముప్పు ఎంతో రక్షణా అంతే ఉంటుంది.

అసలు తుపాకీతో డ్రై ఫైర్ చేసేవాళ్లకి మడి నియమాలున్నాయి. గుళ్లుండే మ్యాగజైన్ తీసి, పైనున్న స్లయిడ్ లాగి, గుండు కూర్చునే ఛాంబర్‌లోకి కంటితో చూసి, వేలు పెట్టి తడిమి, మళ్లీ మొదటి నుంచీ చూడాలి. గుళ్లు ఆ గదిలోనే ఉండకూడదు. అయిపోయిందంటే అయిపోవాలి, మళ్లీ గుళ్లు నింపాక 'ఇంకొక్కసారి' అనేదే ఉండకూడదు. గుండు ఆగే గోడ చూసి గురిపెట్టాలి. మన అపార్ట్‌మెంట్లలో బిల్డర్ కట్టేది నాలుగున్నర అంగుళాల గోడ. అవతల పక్కింటావిడ పోపు పెడుతుంటే ఆవాలు చిటపటమన్నది ఇవతలికి వినిపిస్తుంది. దాన్నే మనం ఆపే గోడ అనుకోవాలి. బొమ్మకి ఇదంతా ఎందుకని బావగారు మడి పాటించలేదు. టీవీకి గురిపెట్టారు, ఫ్రిజ్‌కి పెట్టారు, న్యూస్ చదివే అమ్మాయికి పెట్టారు. బీరువా అద్దం మీద పడి తిరిగొచ్చిన కిరణం ఒకసారి ఆయన కళ్లజోడు మీదే పడింది.

ఓట్ల లెక్కింపు అయింది, కోడ్ ఎత్తేశారు. పోయిన బుధవారం అసలు పిస్తోలు ఇంటికొచ్చింది. గురువారం ఆరుంబావుకి నేను అక్కడే ఉన్నాను, చాయ్ తాగుతున్నాను. బావగారు బీరువా తీసి, దాన్ని చేతిలోకి తీసుకుని, రోజూ కూర్చునే చోట కూర్చుని, అలవాటుగా చెయ్యి గోడ వైపు ఎత్తారు. వేలు ట్రిగ్గర్ మీదకి పోయింది.

వంటింటి గుమ్మంలో అక్క, చేతిలో అట్లకాడ.

"లోపల చూసిండ్రా?"

ఆయన చెయ్యి దించారు. దించాక వణికింది. మ్యాగజైన్ తీసి, స్లయిడ్ లాగి చూశారు. ఖాళీయే. మళ్లీ చూశారు. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి అక్క చేతిలో పెట్టి, నా పక్కన కూర్చుని చల్లారిన చాయ్ తాగారు. డమ్మీ టీపాయ్ మీదే ఉంది, ఎవరూ ముట్టలేదు.

బల్లి మాత్రం ఏడింటి దాకా కాగితం అంచున కాచుకుని కూర్చుంది.