వయొలిన్ కాదు, ఫ్యానట!

విదేశాలకు వెళ్ళి సంగీతం చదవాలా వద్దా అన్న సందేహం ఒక్కరికి వస్తే చాలు, సమాధానాలు ఇంటిల్లిపాదికీ వచ్చేస్తాయి. వయొలిన్ నేర్చుకుంటున్న మా మేనకోడలి విషయంలో అదే జరిగింది.

బావగారిది జర్మనీ పార్టీ. అక్కడి ప్రభుత్వ సంగీత విద్యాలయాలు చాలావాటిలో ట్యూషన్ ఫీజు ఉండదని ఎక్కడో చదివారు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో మాత్రం 2017 నుంచి ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థుల దగ్గర వసూలు చేస్తున్నారని నేనంటే, "పేరు పలకడానికే గంట పట్టే చోటికి ఎవడు వెళ్తాడోయ్!" అని కొట్టిపారేశారు. అక్కది అమెరికా పార్టీ. ఫిలడెల్ఫియాలోని కర్టిస్ సంగీత సంస్థలో సీటు వచ్చినవాళ్ళెవరి దగ్గరా 1928 నుంచి ట్యూషన్ ఫీజు తీసుకోవడం లేదు. ఆ సంగతి తెలిసిన మరుక్షణం నుంచి అక్క లెక్కలో సీటు వచ్చేసినట్టే. మధ్యలో ఆడిషన్ అనే చిన్న గండం ఒకటుందని ఆవిడకు చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది. మా అమ్మది మాత్రం ఒకటే ప్రశ్న: "వినడానికి ఇక్కడివాళ్ళకు చెవుల్లేవా?"

అసలు వెళ్ళాల్సిన పిల్ల మాత్రం, కాలేజీ పేరు ఏదైనా రేపు గదిలో ఎదురుగా కూర్చునేది ఒక్క గురువే కదా, ముందు ఆయనతో కుదురుతుందో లేదో చూస్తానంది. దరఖాస్తుకు ముందే ప్రొఫెసర్‌తో ఓ నమూనా పాఠం చెప్పించుకోవడం అక్కడ మామూలే. జర్మనీలో ఒకాయన వీడియో కాల్‌లో వింటానన్నారు.

ఆ కాల్‌కు ముందురోజే, అంటే అక్టోబర్ ఆఖరి ఆదివారం, ఐరోపాలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు. బావగారి లెక్కలో ఆ గంట లేదు. దాంతో అందరం గంట ముందే తయారై, కెమెరాకు కనబడకుండా గోడవారగా వరసగా కూర్చున్నాం. ఖాళీగా ఉండలేక బావగారు ఆ గంటలో కాల్ సెట్టింగులన్నీ తిరగేసి, "నాయిస్ తగ్గించేది ఫుల్లుగా పెట్టేశా. చీమ చిటుక్కుమన్నా ఆయనకు వినబడదు" అన్నారు గర్వంగా.

ప్రొఫెసర్‌గారు వచ్చారు. అమ్మాయి జర్మన్ స్వరకర్త బాక్ ఒంటి వయొలిన్ కోసం రాసిన రెండో పార్టీటాలోని షకోన్ అనే భాగం ఎత్తుకుంది. అదొక్కటే పావుగంట దాకా సాగుతుంది. తోడు వాద్యం ఉండదు, ఒక్క వయొలినే. పాపం, ఆ ఒక్కటీ ఆయనకు వినబడలేదు. ఈ వీడియో కాల్ ప్రోగ్రాములు మీటింగుల కోసం పుట్టినవి: మనిషి గొంతైతే పంపిస్తాయి, ఫ్యాను రొదలాంటిదైతే నొక్కేస్తాయి. సాగదీసిన వయొలిన్ స్వరం వాటి దృష్టికి ఫ్యానే. ఆయన చెయ్యెత్తారు, రెండు చేతులూ ఊపారు. అమ్మాయి కళ్ళు మూసుకుని బాక్‌లో ఉంది. ఆ ఊపు చూసి బావగారు, "తాళం వేస్తున్నారు, నచ్చినట్టుంది" అని గుసగుసలాడారు. "అల్లుడూ, ఆయనకు పెళ్ళయిందో లేదో కనుక్కోకూడదూ? ఆడపిల్లను పంపేది" అంది అమ్మ. మావి మనిషి గొంతులే కాబట్టి ఇవన్నీ నిక్షేపంగా జర్మనీ చేరాయి.

పాట ముగిసి కళ్ళు తెరిచేసరికి తెర మీద సందేశం: "చూడటానికి చాలా బాగుంది. వాద్యం వినబడలేదు. వెనక ఏదో చర్చ జరుగుతున్నట్టుంది, అది మాత్రం స్పష్టంగా ఉంది."

సెట్టింగు మార్చి మళ్ళీ మొదలుపెట్టింది. ఈసారి రెండు వరసలకే ఆపి, శ్రుతి కాస్త తక్కువగా ఉందన్నారు. ఫోన్‌లో శ్రుతి చూపించే ట్యూనర్ పెట్టి 440 హెర్ట్జ్‌కు సరిచేసుకుంది కదా; ఆయన గదిలో పియానో 443లో ఉందట. జర్మనీలో చాలాచోట్ల అలాగే ఎక్కువ పెడతారు.

"ఎన్ని మార్కులు తక్కువ?" అంది అక్క.

"మూడే. అదీ నాలుగొందల నలభై మూడుకి!" అన్నారు బావగారు. ర్యాంకు వచ్చినంత సంబరం.

శబ్దం లేకుండా చూసినందువల్లే ఒకటి కనిపెట్టానన్నారు ప్రొఫెసర్: కుడి మోచేయి మరీ పైకి లేస్తోందట.

"మన మాస్టారు మొత్తుకునేదీ అదేగా! ఆ మాత్రానికి జర్మనీ దాకా ఎందుకు?" అంది అమ్మ, వాదం గెలిచిన ఉత్సాహంతో.

"మాస్టారు చెప్తుంటే నేనూ మ్యూట్‌లోనే ఉన్నాను అమ్మమ్మా" అంటూ ఆ పిల్ల మోచేయి దించి చూసుకుంది.

దరఖాస్తు పెట్టాలనే తేల్చుకుంది. వెళ్ళేదీ లేనిదీ ఫలితం వచ్చాక చూద్దామంది. ముందు రికార్డింగ్ పంపాలి. ఎక్కడా కత్తిరించకుండా, అతికించకుండా, ఒకే ఊపులో తీసిన వీడియో. నియమాలన్నీ మాకు చదివి వినిపించి, చివర్లో తనదొకటి కలిపింది.

"ఆ రోజు మీరంతా ఎక్కడికైనా వెళ్ళిపోండి. విదేశమైనా సరే."