పోయాకే గుర్తొస్తారా?

అమెరికాలో మన పిల్లాడు రోడ్డు ప్రమాదంలో పోయాడన్న కబురు వస్తే ఆపై ఏం జరుగుతుందో పాఠకులకు కంఠతా వచ్చేసింది. గంటల్లో గోఫండ్‌మీ సైటులో విరాళాల పేజీ తెరుచుకుంటుంది. వాట్సాప్ గ్రూపులన్నీ దాన్ని మోస్తాయి. మంత్రిగారు ట్వీటు పెడతారు. కొన్నాళ్లకు శంషాబాద్ కార్గోలో పెట్టె దిగుతుంది. ఈ క్రమం ఎంత అలవాటైపోయిందంటే, విరాళాల పేజీయే మన సమాజపు బీమా పాలసీగా మారిపోయింది. మమ్మల్ని భయపెడుతున్నది ఈ అలవాటే.

అక్కడి తెలుగు సంఘాల కార్యకర్తలు అర్ధరాత్రి సైతం ఆస్పత్రులకూ పోలీసు స్టేషన్లకూ పరుగెత్తుతారు, కాన్సులేట్ కాగితాల నుంచి విమానం దాకా అన్నీ చూస్తారు. కాదనం. కానీ ఆ పరుగు ఎందుకు అవసరమవుతోందని రెండేళ్లకోసారి మహాసభలు జరిపే ఆ సంఘాల పెద్దలు ఒక్కసారైనా అడిగారా?

జె-1 వీసా మీద వెళ్లే పరిశోధకుడికి బీమా తప్పనిసరి. భౌతికకాయాన్ని స్వదేశం చేర్చడానికి కనీసం 25,000 డాలర్లు, ఒక్కో ప్రమాదం లేదా జబ్బు వైద్యానికి లక్ష డాలర్లు ఆ పాలసీలో ఉండాలని అమెరికా ప్రభుత్వ నిబంధనే చెబుతుంది. మన పిల్లల్లో అత్యధికులు వెళ్లే ఎఫ్-1 విద్యార్థి వీసాకు అలాంటి నిబంధన లేదు. యూనివర్సిటీ పట్టుబట్టి అంటగట్టిన ప్లాన్‌ను కూడా ఖరీదెక్కువని వెయివర్ (మినహాయింపు దరఖాస్తు) పెట్టి వదిలించుకుని, సీనియర్ చెప్పిన చవక ప్లాన్ కొంటారు. అందులో భౌతికకాయం తరలింపు ఉందో లేదో చూసేవారు అరుదు. అసలు గండం చదువయ్యాక మొదలవుతుంది. డిగ్రీతో కాలేజీ బీమా అయిపోతుంది, ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడ పనిచేయడానికిచ్చే అనుమతి, మొదలవుతుంది, ఉద్యోగం దొరకదు. ఓపీటీలో ఖాళీగా ఉండటానికి ఇచ్చే గడువు మొత్తం 90 రోజులు. ఆ కంగారులో బీమా ఎవరికి గుర్తుంటుంది? సరిగ్గా అప్పుడే చేతికి పాత కారు వస్తుంది.

ఆ కారు సంగతీ చూద్దాం. మనవాళ్లు గుంపుగా దిగే డాలస్ చుట్టుపక్కల, అంటే ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల్లో, కారు లేకపోతే పాల ప్యాకెట్టు తెచ్చుకోవడమూ కష్టమే. టెక్సాస్ చట్టం అడిగే కనీస బీమాను 30/60/25 అంటారు. మనవల్ల గాయపడిన ఒక్కొక్కరికి 30 వేలు, ప్రమాదం మొత్తానికి 60 వేలు, ఎదుటివారి ఆస్తి నష్టానికి 25 వేల డాలర్లు. అంతా అవతలివారికే. తోలినవాడి ఆస్పత్రి బిల్లుకు అందులోంచి పైసా రాదు. దానికి పీఐపీ (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్) అనే రక్షణ వేరుగా ఉంది. తప్పెవరిదైనా సరే, తోలినవారి వైద్యానికీ పక్కన కూర్చున్నవారి వైద్యానికీ కనీసం 2,500 డాలర్ల దాకా ఇస్తుంది. బీమా లేనివాడు వచ్చి గుద్దితే ఆదుకునే రక్షణ ఇంకొకటి. ఈ రెండింటినీ కంపెనీ ఇవ్వజూపి తీరాలి, వద్దనుకుంటే రాతపూర్వకంగా వద్దనాలి. మన కుర్రాళ్లు ఆన్‌లైన్‌లో ప్రీమియం తగ్గించుకునే తొందరలో ‘వద్దు’ మీద టిక్కు కొట్టి సంతకం పెట్టేస్తున్నారు. నెలకు కొన్ని డాలర్లు మిగులుతాయి.

డ్రైవింగూ అంతంతే. ఇక్కడ ఏజెంటు చేతిలో పెట్టిన లైసెన్సు చూపి వెయ్యి రూపాయలు కడితే ఆర్టీఓ ఆఫీసులో ఇంటర్నేషనల్ పర్మిట్ ఇచ్చేస్తారు, కారు తోలడం వచ్చా అని మళ్లీ పరీక్షించరు. బైకు తప్ప తెలియనివాడు గంటకు 70 మైళ్ల రోడ్డెక్కుతాడు. అక్కడ బండ్లు కుడివైపు నడుస్తాయి కాబట్టి ఎదురు వాహనాలకు అడ్డంగా తిరగాల్సింది ఎడమ మలుపులో. పచ్చ దీపం పడగానే దారి తనదేననుకుంటాడు. పచ్చ బాణం ఉంటేనే దారి తనది. ఉత్త పచ్చ దీపమైనా, మిణుకుమనే పసుపు బాణమైనా, ఎదురుగా వచ్చేవారు పోయేదాకా ఆగాల్సింది తనే. శని, ఆదివారాల టూర్లకు నలుగురు కలిసి కారు అద్దెకు తీసుకుంటారు. ఒప్పందంలో పేరు ఒకరిదే, రాత్రంతా వంతులవారీగా తోలేది నలుగురూ. పేరు లేనివాడు స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ప్రమాదం జరిగితే అద్దె కంపెనీ రక్షణ చేతులెత్తేస్తుంది. పోలీసు వెనక లైట్లు వేస్తే మనూళ్లోలా కారు దిగి బతిమాలడానికి వెళ్లేవారూ ఉన్నారు. దిగకూడదు. కుడివైపు ఆపి, అద్దం దించి, చేతులు స్టీరింగ్ మీద కనబడేలా ఉంచాలి. కాగితాల కోసం డాష్‌బోర్డు వెతకడం కూడా అధికారి అడిగాకే.

ఇందులో రహస్యం ఏముంది? పూటలో నేర్పే విషయాలు. వీసా ఇంటర్వ్యూలో ఏ ప్రశ్నకు ఎలా నవ్వాలో కూడా డబ్బు పుచ్చుకుని నేర్పే కన్సల్టెన్సీలు వీటి ఊసెత్తవు. కుక్కరూ, ఆవకాయా తూకం వేసి సర్దే తల్లిదండ్రులు బీమా కాగితం అడగరు. ఇక సంఘాలు! సినీతారలకు బిజినెస్ క్లాసు టికెట్లు, ఇక్కడి నేతలకు సన్మానాలు, బాంకెట్ డిన్నర్లు. ఆగస్టులో కొత్త బ్యాచ్ దిగినప్పుడు ఒక శనివారం కమ్యూనిటీ హాలు తెరిచి, పీఐపీ ఎక్కడ ఉంచుకోవాలో పాలసీ ఫారం చూపించి చెప్పడానికి మాత్రం వీలు కుదరదు. శవం దగ్గర ఉదారత, బతికున్నవాడి దగ్గర బద్ధకం. దీన్ని సేవ అని ఎలా పిలవమంటారు?

విరాళాల పేజీ ఊరకే రాదు కూడా. ప్రతి విరాళంలోంచీ 2.9 శాతం, పైన 30 సెంట్లు లావాదేవీ రుసుము పోతుంది. ఇచ్చేవాళ్లలో చాలామంది తామే అప్పుల్లో ఉన్న విద్యార్థులు. వాళ్లు ఎన్నిసార్లని ఇస్తారు?

వచ్చే మహాసభల్లో అధ్యక్షులవారు శాలువా కప్పించుకునే ముందు ఒక్క లెక్క చదవాలి. ఈ రెండేళ్లలో తమ సంఘం ఎంతమంది కొత్త విద్యార్థులను కూర్చోబెట్టి బీమా కాగితం చదివించింది? ఎన్ని పార్థివదేహాలను పంపామన్నది వేదిక మీద చెప్పుకోవడం ఇక ఆపండి.