ప్లగ్గుకి కరెంటు వచ్చినంత మాత్రాన ఇగ్నిషన్ బాగున్నట్టు కాదు

రెండు సిలిండర్ల పాత టూ-స్ట్రోక్ ఔట్‌బోర్డ్ (బోటు వెనక తగిలించే) మోటార్లు నడిపే బోటువాళ్ల ఫోన్లలో ఒక వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. మోటార్ మిస్ కొడుతుంటే, అంటే ఒక సిలిండర్ సరిగ్గా అందుకోకపోతే, అది తిరుగుతుండగానే ఒక్కో ప్లగ్ క్యాప్ పీకి చూడండి, ఏది పీకితే సౌండ్ మారదో ఆ సిలిండర్ చచ్చినట్టు. ఆ ప్లగ్గు విప్పి బాడీకి ఆనించి తాడు లాగండి, కరెంటు (నిప్పురవ్వ) కనిపిస్తే ఇగ్నిషన్, అంటే నిప్పు రాజేసే ఏర్పాటు, ఓకే, ఇక తప్పు పెట్రోల్‌ని గాలితో కలిపే కార్బొరేటర్‌దే. కడిగించండి, ఆయిల్ కాస్త ఎక్కువ కలపండి, మెకానిక్ దొరికేదాకా రెండో సిలిండర్ మీదే వేట కానివ్వండి. ఇదీ సలహా. సులువుగా ఉంది కాబట్టి అందరూ ఫార్వర్డ్ చేస్తున్నారు గానీ, ఇలా చేస్తే బాగయ్యే మోటార్ల కన్నా పాడయ్యేవే ఎక్కువ.

ముందు క్యాప్ పీకే సంగతి. ఏ సిలిండర్ పని చేయడం లేదో మొదట తేల్చుకోవాలన్నది నిజమే, ఆ పద్ధతే తప్పు. సీడీఐ (ప్లగ్గుకి సమయానికి కరెంటు వదిలే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న మోటార్‌లో కాయిల్ (వోల్టేజీ పెంచే తీగచుట్ట) నుంచి వేల వోల్టులు వస్తాయి. క్యాప్ పీకేసరికి ఆ కరెంటుకి దారి ఉండదు, అది కాయిల్ లోపలి ఇన్సులేషన్‌నే చీల్చుకుపోవచ్చు, అంటే ఒక జబ్బు వెతకబోయి ఇంకోటి తెచ్చుకోవడం. పైగా ఉప్పునీళ్లతో తడిసిన చేతులు, మూత తీసిన మోటార్, పక్కనే పెట్రోల్ డబ్బా. అక్కడ నిప్పురవ్వ ఎగిరితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. మోటార్ ఆపండి, క్యాప్ తీసి స్పార్క్ టెస్టర్‌కి తగిలించి దాని క్లిప్పు బాడీకి గట్టిగా పెట్టండి, అప్పుడు స్టార్ట్ చేసి సౌండ్ వినండి. అదీ మోటార్ కాలు నీళ్లలో ఉన్నప్పుడే. నీళ్లు లేకుండా తిప్పితే పంపులో రబ్బరు ఇంపెల్లర్ కాసేపట్లోనే పోతుంది.

ఇక "కరెంటు కనిపిస్తే ఇగ్నిషన్ ఓకే" అన్న మాట. ఎక్కువమందిని తప్పుదారి పట్టించేది ఇదే. బయట గాలిలో ప్లగ్గు గ్యాప్ మిల్లీమీటరు లోపే, ఆ కాస్త దూరం దూకడానికి నీరసపడిన కాయిల్ కూడా సరిపోతుంది. అదే ప్లగ్గు సిలిండర్ లోపల, పిస్టన్ నొక్కిపట్టిన గాలిలో వెలగాలంటే వోల్టేజీ చాలా ఎక్కువ కావాలి. అందుకే గ్యాప్ పెంచుకునే టెస్టర్ వాడాలి. సీడీఐ మోటార్‌లో కరెంటు సుమారు సెంటీమీటరు దూరం నీలంగా, టప్పుమని దూకాలి. పసుపుగా, సన్నగా వస్తోందంటే అది బాగున్నట్టు కాదు. చూసేటప్పుడు రెండు ప్లగ్గులూ విప్పేయండి, అప్పుడే తాడు లాగితే ఫ్లైవీల్ తగినంత వేగంగా తిరుగుతుంది.

ఇంకో చిక్కు వేడి. చల్లగా ఉన్నప్పుడు శుభ్రంగా కరెంటిచ్చే సీడీఐ, కాయిల్ కాసేపు నడిచి వేడెక్కాక ఒక్కోసారి చేతులెత్తేస్తాయి. ఒడ్డున పొద్దున్నే చూసి ఓకే అనేస్తే లాభమేంటి? మిస్ మొదలైన వెంటనే, వేడి మీదే చూడాలి. దానికన్నా ముందు ఎర్త్ వైరు చూడండి. సీడీఐ బోల్టు కింద ఉండే చిన్న రింగు విప్పితే చాలాసార్లు కింద పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, పైకి మాత్రం బోల్టు బిగుతుగానే కనిపిస్తుంది. లోహం మెరిసేదాకా గీకి బిగించండి. అయినా మారకపోతే, రెండు కాయిల్సూ ఒకే రకమైతే అటుదిటు, ఇటుదటు మార్చండి. మిస్ కూడా కాయిల్‌తో పాటు పక్క సిలిండర్‌కి పోయిందంటే దొంగ దొరికినట్టే, రూపాయి ఖర్చు లేదు.

కార్బొరేటర్ మీద అనుమానం ఎందుకొస్తుందో నాకు తెలుసు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఆ రెండు నెలలూ లోపల మిగిలిన పెట్రోల్ జిగురు కట్టి జెట్లు (పెట్రోల్ వచ్చే సన్న రంధ్రాలు) మూసుకుపోతాయి, జూన్‌లో మోటార్ దగ్గుతుంది. నిజమే. కానీ మీ మోటార్‌లో రెండు సిలిండర్లకీ కలిపి ఒకటే కార్బొరేటర్ ఉంటే, దాని తప్పుకి రెండూ బాధపడాలి కదా, ఒక్కటే ఎందుకు చస్తుంది? సిలిండర్‌కొకటి ఉన్న మోటార్‌లో అయితే అనుమానించొచ్చు, తేల్చుకోవడమూ తేలికే: ఆయిల్ కలిపిన పెట్రోల్ కొంచెం స్ప్రే సీసాతో ఆ కార్బొరేటర్ నోట్లో కొట్టండి, ఆ కాసేపు సిలిండర్ అందుకుంటే ఆయిలు-పెట్రోలు అందడం లేదన్నమాట. అందుకోకపోతే కడిగించి దండగ. ఇంకో సంగతి, చాలామంది చూడరు: ఫ్యూయల్ పంపు డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) చిరిగితే, పంపు ఏ సిలిండర్ క్రాంక్‌కేస్ (పిస్టన్ కింది గది) గాలి ఊపు మీద పని చేస్తుందో అందులోకే పెట్రోల్ కారిపోయి ఆ ఒక్క ప్లగ్గే తడిసి ముద్దవుతుంది. కరెంటు బ్రహ్మాండంగా ఉంటుంది, కార్బొరేటర్ శుభ్రంగా ఉంటుంది, మోటార్ మాత్రం మిస్ కొడుతూనే ఉంటుంది.

అసలు ఆ మెసేజ్‌లో కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే బలం) ఊసే లేదు, ఏ సిలిండరో తేలాక మొదట చూడాల్సింది అదే. రెండు ప్లగ్గులూ తీసి, వాటి వైర్లు బాడీకి ఎర్త్ చేసి, త్రాటిల్ పూర్తిగా తెరిచి గేజ్ పెట్టి తాడు లాగండి. రెండింటికీ మధ్య తేడా పది శాతం దాటితే పిస్టన్ రింగులో, హెడ్ గాస్కెటో, పిస్టన్ గీరుకోవడమో చూడాలి, అప్పుడు కొత్త ప్లగ్గులు, కాయిల్స్ కొని ప్రయోజనం లేదు. ప్లగ్గు కూడా చెబుతుంది: నల్లగా తడిగా ఉంటే కాలడం లేదు, కడిగినట్టు తెల్లగా ఉంటే లోపలికి నీళ్లు వస్తుండొచ్చు.

ఆయిల్ ఎక్కువ కలపడం కూడా తప్పే. 50:1 (యాభై వంతుల పెట్రోల్‌కి ఒక వంతు ఆయిల్) అని ఉంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, అంతే. కిరోసిన్ మోటార్లకి లెక్క వేరు, దాని పుస్తకంలో ఉన్నదే కలపండి. ఎక్కువైతే మసి పట్టి, ఉన్న మంచి ప్లగ్గు కూడా పోతుంది.

చివరిది, నన్ను నిజంగా భయపెట్టేది, ఒక్క సిలిండర్ మీద వేటకి పోవడం. టూ-స్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోల్‌తోనే. కరెంటు లేక సిలిండర్ ఆగితే కనీసం ఆయిల్ అందుతుంది. పెట్రోల్ అందక ఆగితే ఆ పిస్టన్, బేరింగు ఎండిపోయి తిరుగుతుంటాయి, పట్టేశాయంటే ఉన్న రెండో సిలిండర్ కూడా ఆగిపోతుంది. రేవు లేని ఊళ్లలో బోటు ఒడ్డు కెరటాలు దాటే వెళ్లాలి, దాటే తిరిగి రావాలి. అక్కడ సగం బలమున్న మోటార్ ఆగితే బోటు అడ్డం తిరుగుతుంది. సముద్రంలో ఉండగా మిస్ మొదలైతే వేగం తగ్గించండి, పైపు మీది రబ్బరు బుడగ నొక్కి చూడండి, తేరుకున్నా సరే వల తీసి వెనక్కి తిప్పండి.