107 శాతం మాత్రలు మింగిన మనిషి

హెచ్‌ఐవీ ఉన్నవారికి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రాల్లో నెలనెలా జరిగే మాత్రల లెక్క గురించి చాలాకాలంగా నాలో నలుగుతున్న మాట ఒకటి రాస్తున్నాను. పదేళ్లకు పైగా ఒక కేంద్రంలో కౌన్సెలర్‌గా ఆ లెక్క వేసినదాన్ని నేనే కాబట్టి, ఇక్కడ ఎత్తిచూపే తప్పులో నా వాటా కూడా ఉంది.

పద్ధతి చాలా సులువైనది. హెచ్‌ఐవీ మందు వాడుతున్నవారు తమ డబ్బా వెంట తెస్తారు. ఇచ్చిన మాత్రల్లోంచి మిగిలినవి తీసేసి, అప్పటిదాకా వేసుకోవలసిన సంఖ్యతో భాగించి, వందతో హెచ్చవేస్తాం. 95 శాతం దాటితే మెచ్చుకుంటాం, 80కి తగ్గితే గట్టిగా క్లాసు పీకుతాం.

తాపీ పని చేసే ఒకాయన 30 మాత్రల డబ్బా తీసుకువెళ్లి, 28వ రోజున ఖాళీ డబ్బాతో వచ్చారు. నిజానికి అందులో రెండు మిగలాలి. లెక్క 107 శాతం తేలినా, బయట వరుసలో జనం నిలబడి ఉన్నారన్న తొందరలో నేను వంద అని రాసి, బాగా వాడుతున్నారని మెచ్చుకుని మరీ పంపించాను. కొన్ని నెలల తర్వాత ఆయన వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క, లక్ష దాటి వచ్చింది. అప్పుడు తల వంచుకుని అసలు సంగతి చెప్పారు: "పదిమందిమి ఒకే షెడ్డులో పడుకుంటాం మేడం. రాత్రిపూట డబ్బా తీస్తే గలగలమంటుంది, ఏం బిళ్లలని అడుగుతారు. మిగిలినవి చూస్తే మీరు తిడతారని బస్టాండులో పారబోసి వచ్చేవాణ్ణి."

మేం కొలిచింది ఆయన మందు వాడకాన్ని కాదు, మా తిట్లంటే ఆయనకున్న భయాన్ని.

ఇక ఆ 95 సంగతి. దానికి మూలం 2000లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం. మూత తీసిన ప్రతిసారీ సమయాన్ని నమోదు చేసే ఎలక్ట్రానిక్ డబ్బాలిచ్చి, ప్రోటియేజ్ నిరోధకాలనే అప్పటి హెచ్‌ఐవీ మందులు వాడుతున్న వందలోపు మందిని పరిశీలించి తేల్చిన అంకె అది. ఇప్పుడు మన దగ్గర ఎక్కువమందికి ఇస్తున్నది రోజుకొక్క మాత్రగా టీఎల్‌డీ, అంటే టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు కలిపిన మాత్ర. అందులోని డోలుటెగ్రావిర్ అడపాదడపా ఒక మాత్ర తప్పినా పాత మందులకంటే ఎక్కువగా తట్టుకుంటుంది. మందు మారినా గీత మాత్రం మారలేదు.

ఆ గీత చేసే చిత్రం చూడండి. నెల మందు తీసుకున్నవారు వేర్వేరు వారాల్లో రెండు మాత్రలు మరిచిపోతే 93 శాతమే కాబట్టి వారిని దోషిలా నిలబెడతాం. మూడు నెలల మందు ఒకేసారి తీసుకుని, సంక్రాంతికి అత్తవారింట్లో ఎవరైనా చూస్తారేమోనని వరుసగా నాలుగు రోజులు మానేసిన ఆమె మాత్రం 90కి 86తో గీత దాటిపోతుంది. వైరస్ మళ్లీ తలెత్తడానికి అవకాశమిచ్చేది వరుసగా పడే ఇలాంటి విరామమే అయినా, సగటు దాన్ని మింగేస్తుంది.

వైరల్ లోడ్ ఉంది కదా అంటారు. ఉంది, అదే అసలైన పరీక్ష కూడా. కానీ చికిత్స మొదలుపెట్టి ఏడాది దాటాక అది ఏడాదికొకసారి వచ్చే ఫలితం. ఈలోపు జరిగినది అది ఎప్పటికప్పుడు చెప్పలేదు. ఎండిన రక్తపు చుక్కలో టెనోఫోవిర్ జాడ చూసి గడిచిన కొన్ని వారాల వాడకాన్ని అంచనా వేసే పద్ధతీ ఉంది గానీ, అది ఇంకా చాలావరకు పరిశోధకుల చేతుల్లోనే ఉంది. మూత్రంలో చూసే పరీక్ష చివరి కొద్దిరోజుల సంగతే చెబుతుంది కాబట్టి, కేంద్రానికి వచ్చే ముందు రెండు రోజులు శ్రద్ధగా మింగినవారు అక్కడ కూడా గట్టెక్కేస్తారు.

అలాగని మాత్రల లెక్క మానేయమనడం లేదు, దానికి పైసా ఖర్చు లేదు. లెక్కకు ముందు అడిగే ప్రశ్న మారాలన్నదే నా వాదన. "ఎన్ని తప్పించారు?" అంటే ఎవరైనా "ఒక్కటీ లేదు" అనే అంటారు. "ఏ రోజుల్లో వేసుకోవడం ఇబ్బందయింది?" అని అడిగితే షెడ్డు, సంక్రాంతి, డబ్బా చప్పుడు అన్నీ బయటికొస్తాయి.

ఆ తాపీ మేస్త్రి డబ్బాలో చప్పుడు కాకుండా కాస్త దూది పెట్టించి, మాత్ర వేళను రాత్రి నుంచి పనికి బయలుదేరే ముందుకు మార్చాం. తర్వాతి నెల 28వ రోజున ఆయన నాలుగు మాత్రలు మిగిల్చి తెచ్చి, మిగలాల్సిన రెండూ పోగా మరో రెండు ఏయే రోజుల్లో తప్పాయో తానే చెప్పారు. తర్వాతి పరీక్షలో వైరస్ అదుపులోకి వచ్చింది. ఆ నెల నా రిజిస్టరులో ఆయనది 93 శాతం.