బ్యాకప్‌ను అనుమానించకండి

చిన్న వ్యాపారం నడిపేవాళ్లు మంచి బ్యాకప్ సర్వీసు ఏదో చెప్పమని అడుగుతుంటారు. చాలాకాలం ఆలోచించాక నాకు తేలిందేమిటంటే, ఏదైనా ఫర్వాలేదు, రిస్టోర్ మాత్రం, అంటే బ్యాకప్‌లోంచి డేటాను వెనక్కి తెచ్చుకోవడం మాత్రం, చేసి చూడకూడదు. చేసి చూడనంత కాలం ప్రతి బ్యాకప్పూ బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

రిస్టోర్ చేసి చూడటమంటే శీలపరీక్ష పెట్టడమే. రాత్రి రెండింటికి నిద్ర మానుకుని 'బ్యాకప్ విజయవంతం' అంటూ పచ్చ టిక్కుతో మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్ మనసు ఎంత నొచ్చుకుంటుంది? మర్యాదస్తులు ఆ మెయిళ్లకు ఫిల్టర్ పెట్టి, విడిగా ఒక ఫోల్డర్ కేటాయించి, చదవకుండానే గౌరవిస్తారు.

నమ్మకం ఎంత గట్టిగా ఉండాలో, ప్రోగ్రామర్ల కోడ్‌ను ఆన్‌లైన్‌లో దాచిపెట్టే గిట్‌ల్యాబ్ కంపెనీని చూసి నేర్చుకోవాలి. 2017 జనవరి 31న అక్కడి ఇంజనీరు ఒకరు, బాగా పొద్దుపోయాక, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్‌లో డేటాబేస్ ఫోల్డర్‌ను డిలీట్ చేశారు. తప్పు తెలిసి ఆపేలోపే దాదాపు 300 జీబీ పోయింది. పోతే పోయింది, బ్యాకప్, రెప్లికేషన్ (డేటాను ఎప్పటికప్పుడు ఇంకో సర్వర్‌కు కాపీ చేయడం) కలిపి ఐదు ఏర్పాట్లున్నాయి కదా! ఒక్కొక్కటే తెరిచారు. ఒక్కటీ అక్కరకు రాలేదు. క్లౌడ్‌లో కాపీలు ఉండాల్సిన చోటు ఖాళీ. బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ వెర్షన్ ఒకటి, డేటాబేస్ వెర్షన్ వేరొకటి కావడంతో ఆ పని ఫెయిలవుతూనే ఉంది. పాపం, ఫెయిలైందని అది మెయిల్ కూడా పంపేది. ఆ మెయిళ్లను అవతలి సర్వర్ గుమ్మంలోంచే తిప్పి పంపేసేది. ఆఖరికి ఆదుకున్నది, ఆరు గంటల ముందు ఒకరు వేరే పని కోసం చేత్తో తీసుకున్న కాపీ. (ఇదంతా వాళ్లే దాచకుండా రాసి పెట్టారు. అంత నిజాయతీ మనకు అనవసరం.)

ఆ ఖాళీ చోటు ఉన్నది అమెజాన్ వాళ్ల క్లౌడ్ స్టోరేజీ ఎస్3లో. అందులో పెట్టిన డేటా మన్నిక 99.999999999 శాతమని కంపెనీ చెబుతుంది. తొమ్మిదులు పదకొండు, నేను వేలు పెట్టి లెక్కపెట్టాను. ఏమీ పెట్టకపోతే ఆ ఏమీ లేకపోవడాన్ని కూడా అంతే భద్రంగా కాపాడుతుంది.

మూడు కాపీలుండాలి, రెండు రకాల మీడియాలో ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి అని పాత సూత్రం ఒకటుంది. సర్వర్ పక్కనే ఎక్స్‌టర్నల్ డిస్కు పెట్టి, ప్లగ్ తీయకుండా ఉంచడం అంతకంటే సులువు. ఫైళ్లకు తాళం వేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వచ్చినా వెతుక్కునే శ్రమ లేకుండా రెండిటికీ ఒకేసారి తాళం వేసుకుంటుంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు కొందరి డేటా, బ్యాకప్ ఒకే ప్రాంగణంలో ఉండి, కడదాకా కలిసే వెళ్లాయి.

సేల్స్ ఆయన వచ్చి 'ఎంత స్టోరేజీ కావాలి సార్?' అంటారు. 'తిరిగి రావడానికి ఎంతసేపు?' అని ఎదురు అడగడం సంస్కారం కాదు. 2 టీబీని 100 ఎంబీపీఎస్ లైను మీద దించుకోవాలంటే, లైను క్షణం కూడా తడబడకపోతే, 44 గంటలు పైనే. ఆ రెండ్రోజులూ కస్టమర్లకు ఏం చెప్పాలో బ్రోషర్‌లో ఉండదు. ఎన్‌క్రిప్షన్, అంటే పాస్‌వర్డ్ లేనిదే డేటా చదవలేని ఏర్పాటు, ఉందా అని మాత్రం తప్పక అడగండి. నేను అడిగి మరీ పెట్టించుకున్నాను. దాని పాస్‌వర్డ్ ఎవరికీ దొరకకుండా ఆ బ్యాకప్‌లోనే దాచుకున్నాను.

నాకు తెలిసిన ఒకాయన ఈ సూత్రాలన్నీ నిష్ఠగా పాటించారు. సర్వర్‌లో డిస్కు పాడైతే కొత్తది వేయించి, 'బ్యాకప్ ఉందిగా, తీరిగ్గా తెచ్చుకుందాం' అని పనుల్లో పడ్డారు. ఆ సర్వీసు పాత కాపీలను 30 రోజులే ఉంచుతుంది. బ్యాకప్ ఒక్క రాత్రి కూడా ఆగలేదు, పచ్చ టిక్కు మెయిల్ ఒక్కటీ తప్పలేదు. 31వ రోజున ఆయన మొదటిసారి మెయిల్ తెరిచి చూశారు. బ్యాకప్ విజయవంతం. సైజు 0 కేబీ, పట్టిన సమయం 2 సెకన్లు. కొత్త డిస్కు ఎంత స్పీడుగా ఉందో చూశారా అని నాకు ఫోన్ చేశారు.