సున్నా బిల్లన్నారు కదా!

పోయినేడు డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ పెట్టించాం. కేంద్రం సూర్యఘర్ పథకం కింద 78,000 సబ్సిడీ కూడా వచ్చింది. "ఇక కరెంటు బిల్లు మర్చిపోండి సార్" అన్నాడు బిగించినతను. ఎక్కడ మర్చిపోనిస్తారు? ఈ నెల మేం వాడుకున్నదానికంటే గ్రిడ్‌కి, అంటే కరెంటు కంపెనీ తీగల్లోకి, ఇచ్చిందే ఎక్కువ. అయినా ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ అంటూ బిల్లు చేతిలో పెట్టారు.

సరే, రాత్రి మా ఏసీ నడిచేది వాళ్ల తీగల మీదే. స్తంభాలకీ ట్రాన్స్‌ఫార్మర్లకీ నా వాటా నేనివ్వకపోతే అది డాబా లేని అద్దె ఇళ్లవాళ్ల నెత్తిన పడుతుంది. ఒప్పుకుంటాను. కానీ మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే, మా కరెంటు తీగల్లోకి వెళ్లి లైన్‌మ్యాన్‌కి షాక్ కొట్టకూడదని, సోలార్ కరెంటును ఇంటికి పనికొచ్చేలా మార్చే నా ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. పైన మండే ఎండ, కింద చేతిలో విసనకర్ర! ఆ గంటలకైనా ఛార్జీ తగ్గించరేం? అడిగితే "రూల్ సార్" అన్నారు కౌంటర్లో, తల ఎత్తకుండానే.